ఈ పని ఏ ప్రభుత్వానిది? అర్జీ రాసే ముందు తేల్చుకునే పద్ధతి

మనలో ప్రతి ఒక్కరికీ మూడు ప్రభుత్వాలు ఉన్నాయి. ఢిల్లీలో ఒకటి, అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఒకటి, ఊళ్లో పంచాయతీ లేదా టౌన్‌లో మున్సిపాలిటీ. మూడింటికీ ఓటేస్తాం, మూడింటికీ ఏదో ఒక రూపంలో పన్ను కడతాం, కానీ పని ఆగినప్పుడు మాత్రం ఏ ఆఫీసుకి వెళ్లాలో తెలియక ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతూ ఉంటాం. "ఇది మా పరిధిలో లేదండీ" అని కౌంటర్ దగ్గర మనిషి అనగానే నమ్మి వెనక్కి వచ్చేస్తాం. ఆ మాట ఒక్కోసారి నిజమే, ఒక్కోసారి కాదు. ఏది నిజమో మనమే తేల్చుకోవచ్చు, దానికి లా చదవక్కర్లేదు. ఎలాగో చెబుతాను.

ముందు రాజ్యాంగం ఏం చెప్పిందో త్వరగా చూసేద్దాం. ఏడో షెడ్యూల్‌లో మూడు జాబితాలున్నాయి. కేంద్ర జాబితాలో రక్షణ, విదేశీ వ్యవహారాలు, రైల్వేలు, జాతీయ రహదారులు, తపాలా, బ్యాంకులు, పౌరసత్వం లాంటివి. రాష్ట్ర జాబితాలో పోలీసు, భూమి, వ్యవసాయం, ఆస్పత్రులు, మద్యం, నీళ్లు, స్థానిక సంస్థలు. ఇద్దరూ చట్టాలు చేయగలిగిన ఉమ్మడి జాబితాలో చదువు, అడవులు, కరెంటు, పెళ్లి విడాకులు, కార్మిక చట్టాలు. 1950లో ఇవి వరసగా 97, 66, 47 అంశాలతో మొదలయ్యాయి, తర్వాత సవరణలతో మారాయి. ఏ జాబితాలోనూ లేని కొత్త విషయం వస్తే అది కేంద్రానిదే. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు, ఎందుకంటే అక్కడ మిగిలిన అధికారాలన్నీ రాష్ట్రాలవి, ఇక్కడ అందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది.

ఇంతవరకూ స్కూల్లో అందరం చదువుకున్నాం. కానీ ఈ జాబితాలు పట్టుకుని ఏ ఆఫీసుకి వెళ్లినా పని కాదు, ఎందుకంటే జాబితా చెప్పేది చట్టం చేసే అధికారం ఎవరిదన్నది మాత్రమే. ఆ పనికి డబ్బు ఎవరు పెడుతున్నారు, చేసే ఉద్యోగి ఎవరి కింద ఉన్నాడు అన్నవి జాబితాలో ఉండవు. అందుకే ఏ సమస్య వచ్చినా మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: చట్టం లేదా నిబంధన ఎవరిది? డబ్బు ఎవరిది? పని చేసే ఉద్యోగిని బదిలీ చేసేది ఎవరు? మూడింటికీ ఒకే జవాబు వస్తే అదృష్టం. చాలాసార్లు రాదు, అప్పుడు మన సమస్య ఆ మూడింటిలో ఏ ముక్క దగ్గర ఆగిందో చూసి అక్కడికే వెళ్లాలి.

జనన ధ్రువపత్రం తీసుకోండి. చట్టం 1969లో పార్లమెంటు చేసింది, దాని కింద నియమాలు రాష్ట్రం రాసుకుంది, పల్లెల్లో పుట్టుకను రిజిస్టర్ చేసి కాగితం చేతిలో పెట్టేది ఎక్కువగా పంచాయతీ కార్యదర్శి, టౌన్‌లో అయితే మున్సిపాలిటీ. ఒక్క కాగితం మీద మూడు ప్రభుత్వాలు. 21 రోజుల్లోపు చెప్పాలన్న గడువు ఆ రాష్ట్ర నియమాల్లోది, కాబట్టి దాని గురించి కార్యదర్శితో వాదించి లాభం లేదు. కాగితం రాయడం ఆలస్యమవుతోందా, అది కార్యదర్శి పని, ఆయన చేయకపోతే పైన ఎంపీడీవో, జిల్లా పంచాయతీ అధికారి ఉన్నారు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ కాగితమే ఆధారం, కాబట్టి పేరులో అక్షరం తప్పు పడినా వదిలేయకండి.

ఊరి హైస్కూల్ బోర్డు మీద 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. అది చూసి టీచర్ల కొరత గురించి జడ్పీ చైర్‌పర్సన్ దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. టీచర్లను డీఎస్సీ పెట్టి తీసుకునేది, జీతమిచ్చేది, బదిలీ చేసేది రాష్ట్ర విద్యాశాఖ. మధ్యాహ్న భోజనం ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. గోడ పక్కన మురుగు నిలిచిందంటే మాత్రం పంచాయతీ. కాబట్టి టీచర్ లేకపోతే ఎంఈవో, డీఈవో (మండల, జిల్లా విద్యాధికారులు). భోజనం బాగోకపోయినా ముందు వాళ్లే, ఎందుకంటే డబ్బులో ఎక్కువ భాగం ఢిల్లీదైనా వంట చేయించే బాధ్యత ఇక్కడిది.

వడ్లు అమ్ముకునే చోట

రైతులకు ఈ గందరగోళం వల్ల జరిగే నష్టం అన్నిటికంటే ఎక్కువని నా అభిప్రాయం, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. కానీ మద్దతు ధర ప్రకటించేది కేంద్రం. తేమ 17 శాతం దాటకూడదన్న ప్రమాణం కేంద్రానిది. వడ్లు కొనేది రాష్ట్ర పౌరసరఫరాల సంస్థ, అదీ తెలంగాణలో ఐకేపీ (మహిళా సంఘాల), సొసైటీ కేంద్రాల ద్వారా, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల ద్వారా. ఆ వడ్లను మిల్లుకి పంపి బియ్యం చేయించి, సెంట్రల్ పూల్ (కేంద్ర నిల్వ) వాటాను భారత ఆహార సంస్థకి అప్పగించేదీ రాష్ట్రమే. అప్పగించాక కేంద్రం నుంచి డబ్బు వస్తుంది, అందాకా రాష్ట్ర సంస్థ అప్పు తెచ్చి రైతుకి కట్టాలి.

ఇప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. క్వింటాల్‌కి కిలోలకు కిలోలు తరుగు తీస్తున్నారు, అది ఎవరి తప్పు? కొనుగోలు కేంద్రానిది, మిల్లర్ది, అంటే రాష్ట్రం చూడాల్సిన విషయం, కలెక్టర్‌కి, జాయింట్ కలెక్టర్‌కి, పౌరసరఫరాల అధికారికి రాయాలి. డబ్బు రెండు వారాలైనా పడలేదు? అదీ రాష్ట్రానిదే. తేమ నిబంధన సడలించాలా? అది ఢిల్లీ నుంచి రావాలి, కాబట్టి ఎంపీని అడగాలి, లేదా రాష్ట్రం కేంద్రానికి రాసిందా లేదా అని అడగాలి. ధరే గిట్టుబాటు కాదా? కేంద్రం. తెలంగాణలో సన్న వడ్లకు ఇస్తామన్న 500 రూపాయల బోనస్ రాలేదా? అది రాష్ట్రం సొంత మాట, ఢిల్లీకి సంబంధం లేదు. 2022 యాసంగిలో బాయిల్డ్ రైస్ (ఉప్పుడు బియ్యం) తీసుకోబోమని కేంద్రం, వడ్లు మొత్తం కేంద్రమే కొనాలని తెలంగాణ ప్రభుత్వం ఎలా పట్టుబట్టాయో, ముఖ్యమంత్రి ఢిల్లీకి వెళ్లి ధర్నా చేసేదాకా ఎలా వచ్చిందో గుర్తుండే ఉంటుంది. కొనేవాడు ఒకరు, ఆఖరికి బియ్యం తీసుకునేవాడు ఇంకొకరు అయినప్పుడు మధ్యలో కల్లంలో వడ్లతో నిలబడేది రైతే. అలాంటప్పుడు ఎవరు ఏ ముక్కకి బాధ్యులో రైతుకి తెలియడం చాలా అవసరం.

2020లో వ్యవసాయ చట్టాలు వచ్చినప్పుడు కూడా చాలామంది అడిగారు, వ్యవసాయం రాష్ట్రానిది కదా, పార్లమెంటు ఎలా చేసిందని. ఉమ్మడి జాబితా 33వ అంశంలో ఆహార పదార్థాల వ్యాపారం ఉంది, కేంద్రం ఆ దారిలో వచ్చింది. 2021లో వాటిని వెనక్కి తీసుకున్నారు. ఉమ్మడి జాబితాలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే మామూలుగా కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికితే ఆ రాష్ట్రం వరకు అది చెల్లుతుంది, దాన్ని కూడా పార్లమెంటు తర్వాత మార్చేయవచ్చు. చదువు 1976 దాకా రాష్ట్ర జాబితాలో ఉండేది, 42వ సవరణతో ఉమ్మడిలోకి వెళ్లింది. ఒకప్పుడు మన ఎంసెట్‌తో వచ్చే మెడిసిన్ సీటు ఇప్పుడు నీట్‌తో వస్తోంది, పరీక్ష కేంద్ర సంస్థది, మన రాష్ట్ర కోటా సీట్ల కౌన్సెలింగ్ మాత్రం రాష్ట్ర హెల్త్ యూనివర్సిటీది. కటాఫ్ తప్పుగా లెక్కేశారనిపిస్తే, లోకల్ నాన్‌లోకల్ గొడవ వస్తే ఎవరికి రాయాలో ఇప్పుడు మీకే తెలిసిపోతుంది.

రోడ్డు, రైలు, రేషన్, కాగితాలు

రోడ్డు ఎవరిదో తెలుసుకోవడానికి కిలోమీటరు రాయి చూడండి. పైభాగం పసుపు రంగైతే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే గ్రామీణ రోడ్డు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65, తీరం వెంబడి పోయే 16 లాంటి జాతీయ రహదారుల మీద సమస్యకి 1033కి ఫోన్ చేయొచ్చు. కొన్ని జాతీయ రహదారి భాగాలను రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)లోనే ఉండే నేషనల్ హైవే విభాగం చూస్తుంది, కాబట్టి ఆర్ అండ్ బీ ఆఫీసులో "అది సెంట్రల్ రోడ్డు" అంటే, "మీ ఎన్‌హెచ్ డివిజన్ కిందిదా, హైవే అథారిటీదా?" అని అడగండి. మండల కేంద్రం నుంచి పల్లెకి పోయే రోడ్డు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖది, పేరులో పంచాయతీ ఉన్నా అది రాష్ట్ర శాఖే, సర్పంచ్ చేతిలో లేదు. ఊళ్లో సీసీ రోడ్డు, వీధి లైటు, కాలువ సర్పంచ్‌వి.

రైల్వే గేటు దగ్గర సగం కట్టి వదిలేసిన బ్రిడ్జి చూసే ఉంటారు. పట్టాల మీద భాగం రైల్వే కడుతుంది, రెండు వైపులా ఎక్కే దిగే భాగాన్ని చాలాచోట్ల రాష్ట్ర ఆర్ అండ్ బీ కడుతుంది, దానికి కావాల్సిన స్థలం సేకరించి ఇచ్చేది కలెక్టర్. మధ్య ముక్క పూర్తయి పక్కలు లేకపోతే రైల్వేని తిట్టి లాభం లేదు, భూసేకరణ డబ్బు జమ అయిందా లేదా అని కలెక్టరేట్‌లో అడగాలి. రైల్లో బ్యాగు పోయినా ఇలాంటిదే: స్టేషన్‌లో కనిపించే ఆర్‌పీఎఫ్ కేంద్రానిది, దొంగతనం మీద ఎఫ్‌ఐఆర్ కట్టాల్సింది జీఆర్‌పీ, అది రాష్ట్ర పోలీసు.

రేషన్ బియ్యం 2013 ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇస్తుంది, కార్డు ఎవరికివ్వాలో రాష్ట్రం తేలుస్తుంది, కేంద్రం లెక్కలోకి రాని కార్డుల భారం రాష్ట్రమే మోస్తుంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇవ్వడం రాష్ట్ర నిర్ణయం. కార్డులో పేరు ఎక్కలేదని ఎంపీ చుట్టూ తిరగకండి, తహసీల్దార్ దగ్గరే తేలుతుంది. పాస్‌పోర్టు విదేశాంగ శాఖది, కానీ వెరిఫికేషన్ రాష్ట్ర పోలీసులది, అక్కడ ఆగిందో లేదో ఆన్‌లైన్ స్టేటస్‌లో కనిపిస్తుంది. కరెంటు పోతే 1912. ఛార్జీలు ఖరారు చేసే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలు పెడుతుంది, అక్కడ ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు, అంతకు ముందే అభ్యంతరాలు రాసి పంపవచ్చు, ఈ అవకాశం వాడుకునేవాళ్లు మరీ తక్కువమంది.

కుల ధ్రువపత్రం విషయంలో పిల్లల చదువులు, ఉద్యోగాలే పోతున్నాయి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మన రాష్ట్రాల్లో బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉన్న జాబితా రాష్ట్రానిది. కేంద్రానికి వేరే ఓబీసీ జాబితా ఉంది. రాష్ట్రంలో బీసీ అయిన కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. రైల్వే, బ్యాంకు, ఐఐటీ, నీట్ ఆలిండియా కోటా లాంటివాటికి కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ కావాలి, అందులో క్రీమీలేయర్ (బీసీల్లోనే పైకొచ్చిన కుటుంబాలను పక్కనపెట్టే) లెక్క కూడా ఉంటుంది. ఇచ్చేది అదే తహసీల్దార్ ఆఫీసే, కానీ దరఖాస్తులో ఏది కావాలో మీరే స్పష్టంగా చెప్పాలి. చివరి నిమిషం టెన్షన్ లేకుండా నోటిఫికేషన్ రాకముందే తీసిపెట్టుకోండి.

టౌన్లలో ఉండేవాళ్లకి ఒక్క మాట: మున్సిపాలిటీ ఆస్తి పన్ను తీసుకుంటుంది కాబట్టి అన్నీ దానివే అనుకోకండి. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు జలమండలివి, అది రాష్ట్ర సంస్థ.

డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది

ఆదాయ పన్ను, కస్టమ్స్ కేంద్రం వసూలు చేస్తుంది. 2017 జులై 1 నుంచి జీఎస్టీ ఇద్దరిదీ, రేట్లు జీఎస్టీ కౌన్సిల్ సిఫార్సు చేస్తుంది, అందులో కేంద్రం ఓటుకి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, తీర్మానం నెగ్గడానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ జరగదు, కేంద్రం ఒక్కటే అనుకున్నా జరగదు. పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీ బయటే ఉన్నాయి, వాటి మీద కేంద్రం ఎక్సైజ్ వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది, అందుకే రాష్ట్రం సరిహద్దు దాటితే బంకులో రేటు మారుతుంది. మద్యం ఆదాయం రాష్ట్రానిది. ఇంటి పన్ను పంచాయతీది, మున్సిపాలిటీది.

కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో రాష్ట్రాల వాటాను ఆర్థిక సంఘం చెబుతుంది. మన తెలుగువాడు, రిజర్వ్ బ్యాంక్ మాజీ గవర్నర్ వై.వి. రెడ్డి అధ్యక్షత వహించిన 14వ ఆర్థిక సంఘం దాన్ని 32 నుంచి 42 శాతానికి పెంచింది, జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమయ్యాక 15వ సంఘం 41 చేసింది. అయితే పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ లెక్కలోకి రావు. కేంద్రం పన్ను రేటు పెంచకుండా సెస్సు పెంచితే ఆ డబ్బులో రాష్ట్రానికి వాటా ఉండదు. రాష్ట్రాలు చేసే ఈ ఫిర్యాదులో న్యాయం ఉందని నేననుకుంటాను. కానీ అదే రాష్ట్రాలు పంచాయతీల విషయానికి వచ్చేసరికి చేసేది కూడా చూడండి.

మూడో ప్రభుత్వం, మనకి అన్నిటికంటే దగ్గరిది

1993లో 73, 74వ సవరణలు అమల్లోకి వచ్చి పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటు దొరికింది. పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు 29 అంశాలు, పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు 18 రాశారు: తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, ప్రాథమిక విద్య ఇలా. కానీ వాటిని నిజంగా అప్పగించాలా వద్దా, ఎంతవరకు అప్పగించాలి అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలారు. కేంద్రం చేతిలో అధికారం ఎక్కువైందని మనం చాలా మాట్లాడతాం, అందులో నిజం ఉంది కూడా, 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. కానీ రాష్ట్రానికి పంచాయతీ మీద ఉన్న పట్టు అంతకంటే గట్టిది. తెలంగాణలో సర్పంచ్‌ని కలెక్టర్ సస్పెండ్ చేయవచ్చు. ఆంధ్రలో ఆర్థిక సంఘం నిధులు తమ ఖాతాల నుంచి కరెంటు బకాయిల కింద మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కారు.

ఎన్నికలైతే మరీ అన్యాయం. ఐదేళ్లు ముగిసేలోపే కొత్త పాలకవర్గం ఎన్నిక కావాలని రాజ్యాంగం చెబుతుంది. ఆంధ్రలో 2018లో పదవీకాలం అయిపోతే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారులే నడిపారు, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది, అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే ఊరి బ్లీచింగ్ పౌడర్‌కి, బోరు రిపేరుకి డబ్బుండదు. అసెంబ్లీ ఎన్నికలు ఇలా రెండేళ్లు ఆగితే ఊరుకుంటామా?

మీ ఊరి పంచాయతీకి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చు చేశారో ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని చూడొచ్చు. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతు ఉండేది, ఆ లెక్క తీసి పెట్టుకుని గ్రామసభకి వెళ్లండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి తేదీల్లో సభలు పెడతారు. అక్కడ అడిగింది తీర్మానాల పుస్తకంలో రాయించండి, నోటిమాటగా వదిలేయకండి. మీది ఉట్నూరు, పాడేరు లాంటి ఏజెన్సీ ప్రాంతమైతే 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం కింద గ్రామసభకి ఇంకా ఎక్కువ అధికారాలున్నాయి, అక్కడ భూసేకరణకి ముందు సభను సంప్రదించాల్సిందే.

అర్జీ ఎలా రాయాలి

మూడు ప్రశ్నలకి జవాబులు దొరికాక అర్జీ ఒక్క అధికారి పేరు మీద రాయండి. సర్పంచ్ నుంచి ప్రధానమంత్రి దాకా అందరి పేర్లూ పైన రాస్తే ఎవరూ తమది అనుకోరు. ఆ అధికారి పై అధికారికి కాపీ చాలు. అర్జీలో ఒకే సమస్య, తేదీ, స్థలం, ఫోటో, పని ఎవరి పరిధిలో ఉందని మీరు అనుకుంటున్నారో ఒక వాక్యం. రసీదు తీసుకోకుండా బయటకి రావద్దు. రాష్ట్ర శాఖల విషయమైతే సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి, కేంద్ర ఆఫీసుల మీదైతే సీపీగ్రామ్స్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్.

అయినా "మాది కాదు" అంటే సమాచార హక్కు చట్టం వాడండి. "ఈ రోడ్డు నిర్వహణ ఏ శాఖది, చివరిసారి ఎంత ఖర్చు పెట్టారు, సంబంధిత ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని అడిగితే చాలు. తప్పు ఆఫీసుకి వేసినా ఫర్వాలేదు, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సరైన ఆఫీసుకి బదిలీ చేసి మీకు తెలపాలి, అంటే పరిధి ఎవరిదో రాతపూర్వకంగా వాళ్లచేతే చెప్పించినట్టు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కేంద్ర ఆఫీసులకి ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా అదే శాఖలో మొదటి అప్పీలు 30 రోజుల్లోపు వేయాలి, అక్కడా తేలకపోతే రెండో అప్పీలుకి 90 రోజుల గడువు ఉంటుంది. పంచాయతీ, మున్సిపాలిటీ, రాష్ట్ర శాఖల మీదైతే అది రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్తుంది, రైల్వే, హైవే అథారిటీ, జాతీయ బ్యాంకుల మీదైతే ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కి.